గిటారును నమ్ముకుని బతకవచ్చా?

మీ అబ్బాయి డిగ్రీ మధ్యలో మానేసి గిటారే వృత్తి అంటున్నాడని, చెన్నైలో ఆ పనిలో ఉన్నవారు ఎవరైనా నిజం చెప్పమని అడిగారు. నెల్లూరు నుంచి వచ్చి సాలిగ్రామంలో స్థిరపడి, ఈ ఆరు తీగల మీదే సంసారం ఈదుకొచ్చినవాణ్ణి. బతకవచ్చు. కాకపోతే అన్నం పెట్టే గిటారు వేరు, మీవాడు ఫోనులో చూసి మోజుపడుతున్న గిటారు వేరు.

నేను కోడంబాకం సినిమా స్టూడియోల్లో అడుగుపెట్టిన రోజుల్లో వాద్యాలు, గాయకులు అందరూ కలిసి పాటను ఒకేసారి రికార్డు చేసేవారు. చివరి చరణంలో ఎవరు తడబడినా అందరూ మళ్లీ మొదటికి రావలసిందే. మన వేళ్ల వేగం ఎంతో ఎవరికీ పట్టేది కాదు. స్టాండు మీద పెట్టిన స్టాఫ్ నొటేషన్‌ను, అంటే ఐదు గీతల మీద రాసే పాశ్చాత్య స్వరలిపిని, చూస్తూనే వాయించగలడా లేడా అన్నదే లెక్క. 32 బార్లు (పాటను తాళం ప్రకారం విడదీసిన భాగాలు) ఊరికే కూర్చోవాలి, 33వ బారులో సరిగ్గా అందుకోవాలి, నాలుగు బార్లు వాయించి మళ్లీ ఊరుకోవాలి. ఆ ఊరికే కూర్చోవడం ఎంత కష్టమో కూర్చున్నవాళ్లకే తెలుసు. మనసులో లెక్క తప్పకూడదు, కాలితో తాళం వేయకూడదు, కాగితం తిప్పినా మైకు పట్టేస్తుంది. సోలో వాయించే అవకాశమంటారా, అది పండగలా ఎప్పుడో ఒకసారి వచ్చేది.

చెన్నైలో ఈ నొటేషన్ అలవాటు బలంగా ఉండటానికి కారణాలున్నాయి. ధన్‌రాజ్ మాస్టారి దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకున్న ఇళయరాజా స్వయంగా గిటారిస్టు. 1976లో సినిమాలకు వచ్చిన ఆయన ఏ వాద్యం ఏం వాయించాలో కాగితం మీద రాసిచ్చేవారు. ఇక మౌంట్ రోడ్డులోని సంగీత వాద్యాల దుకాణం మ్యూసీ మ్యూజికల్ 1842 నాటిది. లండన్ ట్రినిటీ కళాశాల గ్రేడు పరీక్షలకు ఊళ్లో చాలామంది అక్కడికే వెళతారు.

తర్వాత కీబోర్డులు, కంప్యూటర్లు వచ్చి వయొలిన్ల వరుసలు పలచబడ్డాయి. గిటారు కొంత నయం. మణికట్టు పైకీ కిందికీ ఆడితే పుట్టే ఆ ఊపును యంత్రం అనుకరిస్తే వినేవాళ్లకు తెలిసిపోయేది. కానీ నలభై మంది కూర్చునే హాలు పోయి, చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని తాళం చూపే క్లిక్ శబ్దానికి ఒక్కడినే వాయించే గది మిగిలింది. తెలుగు సినిమా కూడా హైదరాబాదుకు తరలిపోయింది. పిల్లల చదువులని నేను కదల్లేదు. పెళ్లిళ్లలో ఆర్కెస్ట్రాలకు వాయించాను, ఇంట్లో పాఠాలు చెప్పాను. నెలనెలా అద్దె కట్టింది రికార్డింగులు కాదు, ఆ పాఠాలే. ఒక నిర్మాత ఇవ్వాల్సిన డబ్బు ఇప్పటికీ రాలేదు, ఆ ఊసు ఇప్పుడెందుకులెండి.

మాండలిన్ మీద కర్ణాటక సంగీతం పలికించిన, మన పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ కచేరీ విన్నాక నాకు కొత్త పిచ్చి పట్టుకుంది, గిటారు మీద గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ జార్చుతూ పలికించడం, సాధించాలని. తీగను మెట్టు (ఫ్రెట్) మీద పక్కకు లాగితే స్వరం పైకే వెళుతుంది, కిందికి రాదు. అందుకని కిందికి దిగే గమకానికి ముందే చప్పుడు లేకుండా తీగను లాగి పట్టుకుని, మీటాక మెల్లగా వదలాలి. ఎంత లాగాలో చెవి ముందే ఊహించాలి, మీటేదాకా సరిచూసుకునే వీలుండదు. ఏ రికార్డింగుకూ పనికిరాని ఈ సాధనే ఈ వయసులో నన్ను తెల్లవారుజామున లేపుతోంది.

మీవాడి విషయానికి వస్తే, డిగ్రీ పూర్తి చేయనివ్వండి. రోజూ సాయంత్రం రెండు గంటలు చాలు. ఖరీదైన గిటారు కొనకండి, తీగలు మెట్లకు మరీ ఎత్తుగా లేని మామూలుది కొనండి. ఎత్తుగా ఉంటే వేళ్లు నొప్పెట్టి వాడే మానేస్తాడు. ఇక్కడి సముద్రపు గాలికి తీగలు త్వరగా తుప్పు పడతాయి, వాయించాక పొడిగుడ్డతో తుడవమనండి. ఎండలో కారులో వదిలేస్తే జిగురు మెత్తబడి, తీగలను పట్టి ఉంచే బ్రిడ్జి పైకి లేస్తుంది.

ఆరు నెలలు నొటేషన్ నేర్పించాక, ఎన్నడూ చూడని పేజీ ఒకటి ముందుపెట్టి, తాళం కొట్టే మెట్రోనోమ్‌ను నిమిషానికి 60 దెబ్బల వేగంలో ఉంచి వాయించమనండి. తప్పులు లెక్కపెట్టకండి. విసుక్కోకుండా తానే రెండో పేజీ అడిగితే, అప్పుడు వృత్తి సంగతి మాట్లాడుకోండి.