స్టీల్ బ్రిడ్జి డెక్ ఎన్నేళ్లు ఆగుతుందో ముందే చెప్పగలరా?

చిత్తూరు గ్రానైట్ లారీలు రోజూ తిరిగితే వంతెన స్టీల్ డెక్ (బండ్లు నడిచే పైతలం) ఎప్పుడు పగులుతుందని మీ ప్రశ్న. ఫలానా ఏడాదని చెప్పలేరు. ఆ ఏడాదికి పగులు వచ్చే అవకాశం ఎంతో మాత్రం చెప్పగలరు.

ఒక్క లారీకి డెక్ ఏమీ కాదు. డెక్ ప్లేటుకు అడుగున ఊతంగా ఉండే రిబ్బుల (ఉక్కు పట్టీల) వెల్డింగు దగ్గర ప్రతి చక్రానికీ ఒత్తిడి పెరిగి తగ్గి, కొంచెం కొంచెంగా నష్టం పోగవుతుంది. ఆ హెచ్చుతగ్గు రెట్టింపైతే నష్టం దాదాపు ఎనిమిదింతలు. అందుకే ఓవర్‌లోడు లారీలతోనే గొడవంతా, స్కూటర్లు లెక్కలోకే రావు. బ్రిటన్‌లో 1966లో తెరిచిన సెవెర్న్ వంతెన డెక్‌లో 1971కే పగుళ్లు కనిపించాయి.

స్ట్రెయిన్ గేజీలతో (ఉక్కు ఎంత సాగిందో చూపే పరికరాలతో) ఒత్తిడి కొలిచి, ఒక్కో హెచ్చుతగ్గు ఆయుష్షులో ఎంత వంతు తింటుందో లెక్కగట్టే మైనర్ సూత్రంతో నష్టాన్ని కూడతారు. మొత్తం 1కి చేరితే ఆయుష్షు తీరినట్టే. అయితే ఏ రెండు వెల్డింగులూ ఒకేలా ఉండవు, లారీల బరువులూ అంతే. ఆ తేడాలన్నీ కలుపుకొని బీటా అనే భద్రతా సూచిక లెక్కిస్తారు; అది ఎంత ఎక్కువైతే అంత భద్రం. బీటా 2.3 అయితే పగులుకు అవకాశం సుమారు వందలో ఒకటి, 3.1 అయితే వెయ్యిలో ఒకటి. ఏళ్లు గడిచేకొద్దీ బీటా పడిపోతుంది.

నన్నడిగితే, ఫార్ములా కన్నా లారీల బరువు డేటాయే ముఖ్యం. పర్మిట్‌లో రాసిన బరువు కాదు, రోడ్డు మీద తూచిన బరువు వాడాలి.