యువ రచయితకు లేఖ: జర్మన్ క్రియ, లక్సెంబర్గ్ వాడుక

చిరంజీవికి ఆశీస్సులు.

పరిశీలించడమనే అర్థమిచ్చే జర్మన్ క్రియ 'బెఓబఖ్టెన్' లక్సెంబర్గ్ దేశపు భాష అయిన లక్సెంబర్గిష్‌లోనూ ఉందని నువ్వు రాసిన వ్యాసం చదివాను. ఉందన్న మాట నిజమే కానీ, అది అక్కడికి ఏ దారిన వచ్చిందో, ఏ మాటల నడుమ మసలుతోందో చెప్పకుండా వదిలేశావు. చదివేవారికి కావలసింది అదే.

ముందు ధ్వనిని పట్టించుకో. ఈ క్రియలో ధ్యాస, జాగ్రత్త అనే అర్థమున్న 'అఖ్ట్' అనే పాత నామవాచకం దాగి ఉంది. రాత్రిని చెప్పే జర్మన్ 'నఖ్ట్' లక్సెంబర్గిష్‌లో 'నువఖ్ట్'గా, అధికారాన్ని చెప్పే 'మఖ్ట్' 'మువఖ్ట్'గా వినిపిస్తాయి. ఆ వరసలోనే 'అఖ్ట్'కు అక్కడి రూపం 'ఉవఖ్ట్'. జాగ్రత్తగా ఉండమని హెచ్చరించేటప్పుడు 'గెఫ్ ఉవఖ్ట్' అంటారు. 'బెఓబఖ్టెన్' మాత్రం ఆ మార్పుకు లోనుకాకుండా జర్మన్ అకారాన్నే నిలుపుకుంది కనుక, అది ఇంట్లో పుట్టిన మాట కాదని, చదువు ద్వారా వచ్చిందని తెలిసిపోతుంది. లక్సెంబర్గిష్ ప్రామాణిక జర్మన్‌కు కూతురు కాదు, మోసెల్ నది ప్రాంతపు మాండలికాలకు చెందిన తోబుట్టువు. అయినా మన తత్సమ తద్భవాల తేడా తెలిసినవాడికి 'రాత్రి', 'రాతిరి' పక్కపక్కన ఉన్నట్టే ఇదీ అర్థమవుతుంది. తరతరాలుగా అక్కడి పిల్లలు చదవడం, రాయడం నేర్చుకున్నది జర్మన్‌లో. లక్సెంబర్గిష్‌ను జాతీయ భాషగా గుర్తించిన 1984 చట్టం తరువాత కూడా ఆ పద్ధతి సాగింది.

అక్కడ దీనికి పోటీ మాటలూ ఉన్నాయి. రోజువారీ చూడటానికి 'కుకెన్', ఆట చూస్తూ నిలబడటానికి 'ట్సౌకుకెన్', ఫ్రెంచ్ నుంచి వచ్చిన 'ఒబ్జెర్వెయ్‌రెన్'. వీటిని ప్రస్తావిస్తే చాలు, జాబితాలు పెంచకు.

నువ్వు అసలు తాకని విషయం కాలం. జర్మన్ కథకుడు 'బెఓబఖ్టెటె' అనే ఒక్క మాటతో గతాన్ని నడిపించగలడు. లక్సెంబర్గిష్‌లో అటువంటి ఏకపద రూపం ఉండటం, రావడం, వెళ్లడం వంటి కొద్ది క్రియలకే మిగిలింది, దీనికి లేదు. 'పాప పక్షిని పరిశీలించింది' అనాలంటే పాప తరువాత 'హువట్' అనే సహాయక క్రియ, ఆ తరువాత పక్షి, చివర 'బెఓబఖ్ట్' రావాలి. జర్మన్‌లో మాట్లాడేటప్పుడు ఎక్కువగా వినిపించే ఈ అమరికే లక్సెంబర్గిష్ కథకుడికి రాతలోనూ దిక్కు కనుక, అక్కడి వచనం సంభాషణకు దగ్గరగా సాగుతుందని నాకు అనిపిస్తుంది. నీ వ్యాసానికి ఇదే ఆయువుపట్టు. రెండు భాషల్లోనూ అదే వాక్యాన్ని పక్కపక్కన పెట్టి, ఈ భాగాన్ని విస్తరించి మళ్లీ పంపు.