బోర్డు పలకట్లేదని కోడ్ మార్చకు

అమ్మలూ,

నీ మెసేజ్ చదివాను. ఈఎస్‌పీ32 బోర్డు (వైఫై ఉన్న చిన్న కంట్రోలర్ బోర్డు) కనెక్ట్ అవట్లేదని ఐడీఈ (కోడ్ రాసి బోర్డుకి ఎక్కించే ప్రోగ్రాం) తీసేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేశావు, లైబ్రరీలు మార్చావు, ఇప్పుడేమో కొత్త బోర్డు కొనాలా పెదనాన్నా అంటున్నావు. ఇప్పుడే కొనకు తల్లీ. ముందు తేల్చుకోవాల్సింది దారి ఎక్కడ తెగిందని, ల్యాప్‌టాప్‌కి బోర్డుకి మధ్య కేబుల్‌లోనా, బోర్డు మీదున్న యూఎస్‌బీ చిప్‌కి ఈఎస్‌పీకి మధ్యనా, లేకపోతే నీ రెండో బోర్డు ఆర్డుయినో యూనో నుంచి ఈఎస్‌పీకి నువ్వు వేసిన జంపర్ వైర్లలోనా. అది తేలేదాకా కోడ్ జోలికెళ్ళకు.

ముందు జంపర్లన్నీ పీకేసెయ్. ఉత్త బోర్డు, కేబుల్, అంతే. విండోస్‌లో డివైస్ మేనేజర్ (కలిపిన పరికరాల లిస్టు) తెరిచి పెట్టుకుని కేబుల్ పెట్టి తీసి చూడు, లిస్టులో ఏ కదలికా లేకపోతే ముందు కేబుల్‌నే అనుమానించు. ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుళ్ళలో డేటా వైర్లు ఉండవు, కానీ బోర్డు మీద ఎల్ఈడీ చక్కగా వెలుగుతుంది కాబట్టి కేబుల్ బానే ఉందనుకుంటాం. ఫోన్ నుంచి ఫోటోలు కాపీ అయిన కేబుల్ ఏదైనా తెచ్చి పెట్టు. లిస్టులో కనిపించి పక్కన పసుపు గుర్తుంటే డ్రైవర్ సంగతి చూడు, యూఎస్‌బీ సాకెట్ దగ్గరున్న చిన్న చిప్ మీద సీపీ2102 అనుందో సీహెచ్340 అనుందో చదివి దానికి తగ్గ డ్రైవరే వెయ్. మీ ల్యాబ్‌లో ఉబుంటు అయితే నీ యూజర్‌ని సీరియల్ పోర్టులు వాడే అనుమతి ఉన్న డయలౌట్ గ్రూపులో చేర్చి లాగవుట్ అయి మళ్ళీ లాగిన్ అవ్వాలి. ఉబుంటు 22.04లో ఇంకో చిక్కుంది, బ్రెయిలీ డిస్‌ప్లేల కోసం ఉండే బీఆర్ఎల్‌టీటీవై అనే ప్రోగ్రాం సీహెచ్340ని తన పరికరమే అనుకుని లాగేసుకుంటుంది, పోర్టు ఇలా వచ్చి అలా మాయమవుతుంది. నీకు దాని అవసరం లేకపోతే తీసేయొచ్చు.

పోర్టు వచ్చింది కానీ అప్‌లోడ్ అప్పుడు చుక్కలు పడుతూ పడుతూ టైమ్డ్ అవుట్ అని ఆగిపోతుందా? రీసెట్ అయ్యే క్షణంలో జీపీఐఓ0 అనే పిన్ గ్రౌండ్ స్థాయిలో (లో) ఉంటేనే కోడ్ అందుకోవడానికి ఈఎస్‌పీ డౌన్‌లోడ్ మోడ్‌లోకి వెళ్తుంది. కనెక్టింగ్ అని రాగానే బూట్ బటన్ నొక్కిపట్టుకో, శాతాలు మొదలయ్యాక వదిలెయ్. ప్రతిసారీ ఇదే గోలైతే రీసెట్ చేసే ఈఎన్ పిన్‌కి గ్రౌండ్‌కి మధ్య 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెడితే చాలా బోర్డుల్లో సర్దుకుంటుంది.

సీరియల్ మానిటర్‌లో (బోర్డు పంపేది చూపించే ఐడీఈ కిటికీ) పిచ్చి అక్షరాలు వస్తే సంతోషించు, దారి తెగలేదని అర్థం, చాలావరకు బాడ్ రేట్ (సెకనుకి ఎన్ని బిట్లు పంపాలన్న వేగం) తేడానే. 9600లో ఒక్కో బిట్ 104 మైక్రోసెకన్లు, 115200లో 9 కూడా ఉండదు, రెండు వైపులా ఒకటే పెట్టకపోతే ఏం చదువుతుంది చెప్పు? ఈఎస్‌పీ32 బూట్ మెసేజ్ 115200లో వస్తుంది. నీ ఫ్రెండ్ దగ్గరున్న ఈఎస్‌పీ8266 మాత్రం 74880లో మొదలుపెడుతుంది, దాంట్లో మొదటి చెత్త చూసి కంగారు పడక్కర్లేదు.

ఇక యూనో వైపు. దాన్ని విడిగా పరీక్షించు, రీసెట్ పిన్ గ్రౌండ్‌కి కలిపి, 0, 1 పిన్లు ఒకదానికొకటి కలిపి, సీరియల్ మానిటర్‌లో ఏదైనా టైప్ చెయ్, అదే తిరిగొస్తే కేబుల్, డ్రైవర్, యూఎస్‌బీ చిప్ అన్నీ బాగున్నట్టే. అప్పుడు ఆ కలిపినవి తీసేసి మళ్ళీ జంపర్లు వెయ్, పంపే పిన్ టీఎక్స్ వెళ్ళి అవతలి అందుకునే పిన్ ఆర్ఎక్స్‌కి, ఆర్ఎక్స్ వెళ్ళి అవతలి టీఎక్స్‌కి, రెండు బోర్డుల గ్రౌండ్ తప్పకుండా కలవాలి. యూనోలో 0, 1 పిన్లు యూఎస్‌బీతో పంచుకునేవే కాబట్టి అప్‌లోడ్ అప్పుడు వాటిని ఊడదియ్.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్తున్నా. యూనో టీఎక్స్ 5 వోల్టులు, ఈఎస్‌పీ32 పిన్ను 3.3కే. నేరుగా కలిపితే ఇవాళ పనిచేసినట్టే ఉంటుంది, తర్వాత చిప్ పోవచ్చు. మధ్యలో 1కే, 2కే (కే అంటే వెయ్యి ఓమ్‌లు) రెసిస్టర్లతో వోల్టేజీ తగ్గించే డివైడర్ కట్టు, 2కే గ్రౌండ్ వైపు ఉండాలి. అటునుంచి వచ్చే 3.3ని యూనో మామూలుగా చదివేస్తుంది, దానికేం అక్కర్లేదు.

ఇవన్నీ చూశాక కూడా రాకపోతే ఈఎన్ బటన్ నొక్కగానే వచ్చే మొదటి లైన్లు ఫోటో తీసి పంపు, బ్రౌనౌట్ అన్న మాట ఉంటే అది పవర్ చాలకపోవడం సంగతి, హబ్ తీసేసి నేరుగా ల్యాప్‌టాప్‌కి పెట్టి చూడు. వైరింగ్ ఫోటో కూడా పైనుంచి తియ్, పిన్ నంబర్లు కనబడేలా.

పెదనాన్న