నోరు పూసిందన్న చెల్లికి

చెల్లీ, కింది పెదవి లోపల మూడు తెల్లటి పుండ్లు లేచాయని, చేపల పులుసు ముద్ద నోట్లో పెడితే కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయని రాశావు. మన నెల్లూరు వాళ్లకు పులుసు మానమంటే ప్రాణం మీదికి వస్తుంది, అయినా ఒక్క వారం పులుపూ కారమూ పక్కన పెట్టు. చల్లటి పెరుగన్నం, మెత్తటి పప్పన్నం తిను.

గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర టీస్పూను ఉప్పు కరిగించి, తిన్న ప్రతిసారీ అర నిమిషం పుక్కిలించి ఉమ్మెయ్యి. మొదట చురుక్కుమంటుంది, కాసేపటికి హాయిగా ఉంటుంది. ఉప్పు కల్లు నేరుగా రుద్దమంటారు కొందరు, ఆ పని మాత్రం చెయ్యకు. పుండు ఇంకా రేగుతుంది. పడుకునే ముందు కాస్త తేనె అద్దుకో.

నాకు నెలకోసారి వచ్చేవి. ఒకరోజు అద్దం ముందు పెదవి మడిచి చూస్తే, విరిగిన పన్ను అంచు సరిగ్గా పుండున్న చోటే గీసుకుంటోంది. డెంటిస్టు దాన్ని నునుపు చేశాక చాలా తగ్గాయి. నురగ రావడానికి కలిపే సోడియం లారిల్ సల్ఫేట్ అనే రసాయనం లేని పేస్టు కూడా వాడి చూడు, కొందరికి బాగా పనిచేస్తుంది.

మళ్లీ మళ్లీ వస్తుంటే ఐరన్, బి12, ఫోలిక్ యాసిడ్ పరీక్ష చేయించుకో. ఊరికే మాత్రలు మింగేకంటే అది మేలు.

మామూలు పుండు వారం, రెండు వారాల్లో మానుతుంది. మూడు వారాలు దాటినా, ముట్టుకుంటే పుండు గట్టిగా అనిపించినా డాక్టరుకు చూపించాల్సిందే. ఇంట్లో గుట్కా, పొగాకు నమిలేవాళ్లకు వస్తే అంతకాలం కూడా ఆగొద్దు.