అద్దం ముందు చెప్పుకునే మాటను మనసు ఒప్పుకోకపోతే

ప్రశ్న: నా వయసు 33. బీఈడీ చేశాను, ఇద్దరు పిల్లలు. 2025 మెగా డీఎస్సీలో స్కూల్ అసిస్టెంట్ జీవశాస్త్రం పోస్టు కొద్ది మార్కుల తేడాతో చేజారింది. మళ్ళీ చదువుతున్నాను. వీడియోల్లో చూసి, కొన్ని నెలలుగా రోజూ తెల్లవారుజామున అద్దం ముందు నిలబడి ‘నేను విజేతను, నేను టీచర్‌ని, ఉద్యోగం నాదే’ అని చెప్పుకుంటున్నాను. మొదట్లో ఉత్సాహంగా ఉండేది. ఇప్పుడు చెప్పిన కాసేపటికే ‘ఎవరిని మోసం చేస్తున్నావు’ అని లోపలినుంచి వినిపిస్తోంది, పుస్తకం తెరవబుద్ధి కావడం లేదు. సందేహంతో చెబితే ఎదురు ఫలితం వస్తుందని ఆ వీడియోల్లో అంటారు. ఇంటి పని అయ్యాక చదువుకు దొరికేది రాత్రి పదింటి తర్వాతే. అత్తగారు నవ్వుతారు, మావారు పట్టించుకోరు. లోపం నా నమ్మకంలోనే ఉందా?

జవాబు: లోపం మీ నమ్మకంలో లేదమ్మా, మీరు ఎంచుకున్న వాక్యంలో ఉంది. ఎంపిక జాబితాలో పేరు లేదన్న సంగతి మీ మనసుకు గుర్తుంది కనుక, ‘నేను టీచర్‌ని’ అని మీరు గట్టిగా అన్న ప్రతిసారీ అది ఆ జాబితానే ఎదురుగా తెచ్చిపెడుతోంది. సందేహం వస్తే ఎదురు ఫలితం వస్తుందన్న భయాన్ని ముందుగా వదిలేయండి. మీ ర్యాంకును తేల్చేవి పరీక్షలో వచ్చే మార్కులకు 80 శాతం, టెట్ (ఉపాధ్యాయ అర్హత పరీక్ష) మార్కులకు 20 శాతం చొప్పున ఇచ్చే వెయిటేజీ మాత్రమే. తెల్లవారుజామున మీకు కలిగిన సందేహానికి అందులో ఒక్క మార్కు కోసే అధికారం కూడా లేదు. ఫలితం వస్తే పద్ధతి గొప్పదనీ, రాకపోతే మీ నమ్మకం చాలలేదనీ చెప్పే బోధలో తప్పు ఎప్పటికీ బోధించినవారిది కాదు, విన్నవారిదే అవుతుంది. అందుకే నాకు ఆ బోధ అంటే గిట్టదు.

పద్ధతి మాత్రం పాతదే. ఫ్రాన్స్‌కు చెందిన ఎమిల్ కూయే అనే ఫార్మసిస్టు, అన్ని విధాలా రోజురోజుకూ మెరుగుపడుతున్నానన్న వాక్యాన్ని ఉదయం లేవగానే, రాత్రి పడుకునే ముందు 20 సార్లు చొప్పున అనుకోమనేవాడు. లెక్క తప్పకుండా 20 ముడులు వేసిన దారాన్ని, మనవాళ్ళు జపమాల తిప్పినట్టు, వేళ్ళతో జరుపుకోమనేవాడు. 1920లలో ఐరోపాలోనూ అమెరికాలోనూ ఆయన మాట బాగా వ్యాపించింది. ఆయన వాక్యంలో ‘అయిపోయాను’ అని లేదు, మెరుగుపడుతున్నానని మాత్రమే ఉంది. పైగా, పట్టుదలగా బిగబట్టి అనవద్దని, సంకల్పానికీ లోపలి ఊహకూ పోటీ పడితే గెలిచేది ఊహేనని ఆయనే హెచ్చరించాడు. మీరు చూసిన వీడియోలు వాక్యాన్ని పెంచి, ఈ హెచ్చరికను మింగేశాయి.

కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయానికి చెందిన జోయాన్ వుడ్, ఆమె సహచరులు 2009లో ప్రచురించిన పరిశోధనలో, తమ మీద తమకు గౌరవం తక్కువగా ఉన్నవారు తాము ప్రేమకు తగిన మనుషులమని పదేపదే అనుకున్నప్పుడు, అలా అనుకోనివారికంటే వారి మనఃస్థితి ఇంకా దిగజారింది. ఆత్మగౌరవం ముందే దండిగా ఉన్నవారికి మాత్రం కాస్త మేలు కనిపించింది. ఒక్క పరిశోధనతో అందరికీ తీర్పు చెప్పలేము. అయినా, ఓటమి దెబ్బ తాజాగా ఉన్న మనిషికి పెద్ద మాటలు ఎందుకు గుచ్చుకుంటాయో చెప్పడానికి ఇది పనికివస్తుంది.

ఈ విషయంలో నాకంటే మంచి సలహాదారు మీ సిలబస్‌లోనే ఉన్నాడు. పరిశీలన ద్వారా నేర్చుకోవడం గురించి మీరు బిట్లు చేసే మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బండూరాయే, ‘ఈ పని నేను చేయగలను’ అనే నమ్మకం ఎక్కడినుంచి పుడుతుందో 1977లో వివరించాడు. స్వయంగా చేసి నెగ్గిన అనుభవం, మనలాంటివారు చేస్తుండగా చూడడం, మాటలతో కలిగే ప్రోత్సాహం, ఆ వేళ శరీరం, మనసు ఉన్న స్థితి అని నాలుగు చెప్పి, వాటిలో మొదటిదే అన్నిటికంటే బలమైనదన్నాడు. మాట నిష్ప్రయోజనమని ఆయన అనలేదు. వెనుక పని లేని మాట ఎక్కువ కాలం నిలవదన్నాడు. మీరు మూడో దానితో మొదటి దాని పని చేయించాలని చూస్తున్నారు.

అందువల్ల మానేయమని చెప్పను, వాక్యం మార్చమంటాను. ‘ఉద్యోగం నాదే’ అనే చోట, ‘నిన్న మెథడాలజీలో తప్పిన బిట్లను ఈరోజు మళ్ళీ చూస్తాను’ అనండి. ‘నేను విజేతను’ అనే చోట, ‘ఇద్దరు పిల్లలను చూసుకుంటూనే కొద్ది మార్కుల దూరం దాకా వెళ్ళాను’ అనండి. ఇది పొగడ్త కాదు, జరిగిన సంగతి కాబట్టి లోపలి గొంతుకు కాదనే వీలుండదు. ఇంకొక రకం వాక్యం ఉంది, నా అనుభవంలో ఎక్కువ మందికి పట్టినది ఇదే: ‘ఫలానాది జరగగానే ఫలానాది చేస్తాను’ అని ముందే కట్టిపెట్టుకోవడం. జర్మన్ మనస్తత్వవేత్త పీటర్ గోల్విట్జర్ దీని మీద చాలా కాలం పనిచేశాడు. ‘బాగా చదువుతాను’ అన్నది కోరికగానే మిగిలిపోతుంది. ‘రాత్రి వంటింట్లో దీపం ఆర్పగానే ఫోన్ బీరువాలో పెట్టి, జంతు కణజాలాల పాఠం తెరుస్తాను’ అన్నదానిలో వేళ, చోటు, పని మూడూ ఉన్నాయి కనుక, ఆ క్షణం వచ్చినప్పుడు చదవాలా వద్దా అని మళ్ళీ తర్జనభర్జన పడనక్కరలేదు. రాత్రి పడుకునే ముందు, ఆ రోజు నిజంగా చేసిన పనిని నోటుబుక్కులో ఒక్క వరుసలో రాయండి. గ్రాండ్ టెస్టులో మార్కులు తగ్గిన రోజున, ఉత్సాహపరిచే వీడియోకు బదులు ఆ వరుసలు చదువుకోండి.

అద్దం ముందే నిలబడాలా అంటే, నిలబడనవసరం లేదు. అత్తగారి నవ్వు బాధిస్తుంటే మనసులోనే అనుకోవచ్చు.

పుస్తకం తెరవబుద్ధి కాకపోవడంతో పాటు రెండు వారాలకు పైగా నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం, ఇష్టమైన పనులు కూడా రుచించకపోవడం ఉంటే, దానిని బద్ధకమని తిట్టుకోకుండా వైద్యులను కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. బతకాలని లేదనే ఆలోచన వస్తే మాత్రం ఆగవద్దు, ఆ రోజే చెప్పండి.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆపిన వాక్యం, చదువుకు దొరికేది రాత్రి పదింటి తర్వాతేనన్నది. రోజంతా ఇంటి పని చేసి అలసిన మనిషికి ఆ వేళ పుస్తకం తెరవబుద్ధి కాకపోవడం సహజం. ఏ వాక్యమూ గంటలను పుట్టించదు. మీకు కావలసింది మీవారి ప్రోత్సాహపు మాటలకంటే ముందు ఆయన చేతి సాయం. ‘మీరు నన్ను పట్టించుకోవడం లేదు’ అని మొదలుపెడితే ఆయన సంజాయిషీ ఇచ్చుకుంటారు, విషయం అక్కడితో ఆగిపోతుంది. తెల్లవారింది మొదలు పడుకునే దాకా మీరు చేసే పనులన్నీ వేళలతో సహా ఒక కాగితం మీద రాసి, ఒక ఆదివారం పొద్దున ఆయన ముందు పెట్టి, వారంలో నాలుగు రోజులు సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది వరకు పిల్లల హోంవర్కు, భోజనం తానే చూసుకోవాలని స్పష్టంగా అడగండి. అత్తగారికి ఆ సంగతి మీరు కాకుండా ఆయన చెప్పాలని కూడా అప్పుడే అడగండి. నాలుగు రోజులు కుదరవంటే రెండు రోజులకైనా ఒప్పించి, అవి ఏ రోజులో ఆ కాగితం మీదే రాయించండి.