ఆపరేటరు జవాబులు: దెయ్యం కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుంది

ప్రశ్న: మా అబ్బాయి వచ్చినప్పుడల్లా టీవీలో ఖరీదైన హారర్ సినిమాలు పెడతాడు. భయపడతాను, ఒప్పుకుంటాను. తెల్లారేసరికి ఒక్క ముక్క గుర్తుండదు. చిన్నప్పుడు వీసీఆర్ అద్దెకు తెచ్చుకుని చూసిన నాసిరకం దెయ్యాల సినిమాల్లో మాత్రం దెయ్యం మణికట్టు మీది వాచీ మచ్చ కూడా గుర్తే. ఇప్పటికీ అవే వెతుక్కుని చూస్తున్నాను. మావాడు నవ్వుతున్నాడు. ఇదేం రుచండీ?
– ఒక పాఠకురాలు, పాలకొల్లు

జవాబు: ఆయ్, ఆ జబ్బు నాకూ ఉందండి. రాజోలు పక్క ఒక టూరింగ్ టాకీసులో ఆపరేటరు కింద చేరిన కొత్తలో అంటుకుంది. తాటాకుల పాక, నేల టిక్కెట్టుకి ఇసక. అందులో ఆడిన ఒక సినిమా సంగతి చెబుతాను, పేరు అడక్కండి.

చచ్చిపోయిన కోడలు అర్ధరాత్రి చేలగట్టు మీద నడిచి వస్తుంది. రాత్రిపూట తియ్యాలంటే లైట్లు కావాలి, జనరేటరు కావాలి. డబ్బులేవి? అందుకని ఎండలోనే తీసి, కెమెరాకు బ్లూ ఫిల్టరు తగిలించి, వెలుగు తక్కువ పడేలా చేసి వెన్నెల అనిపిస్తారు. పట్నంలో చెల్లిందేమో. మా నేల టిక్కెట్టు జనమంతా కొబ్బరి దింపులు తీసేవాళ్లు, ఊడ్పుల వాళ్లు. "ఒరేయ్, చెట్టు నీడ మొదట్లోనే ఉందిరా! పన్నెండు నిజమే, పగలు పన్నెండు!" అని ఒకడు అరిచాడు. ఈలోగా దెయ్యం గట్టుకి పడిన గండి దగ్గరికొచ్చింది. ఆగింది. బురద చూసింది. తెల్లచీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని మెల్లిగా దాటింది. "జాగర్తే అమ్మాయ్, జారతావ్!" అంది ముందు వరసలో ఓ ముసలమ్మ. పాకంతా ఒకటే నవ్వులు. నేను రీలు మార్చడం మర్చిపోయి తిట్లు తిన్నాను.

అసలు సంగతి ఆట వదిలాక. అదే జనం, నేనూ కాలవగట్టు మీద నడిచి వెళ్తున్నాం. రెండే లాంతర్లు. గట్టుకి గండి పడినచోట అందరం ఆగిపోయాం. ఎవరూ ముందు దాటరు. అప్పుడు ఆ నీడ కనిపెట్టినవాడే గొంతు తగ్గించి అన్నాడు: "ఈ సినిమా తీసినోడికి అబద్ధం ఆడ్డం చేతకాదురా. అలాంటోడు కల్పించలేడు. ఎక్కడో చూసే ఉంటాడు."

ఇన్నేళ్లుగా ఇంతకంటే మంచి జవాబు నాకు దొరకలేదు. పనితనం ఉన్నవాడి దెయ్యాన్ని చూస్తే వాడి తెలివి కనిపిస్తుంది. ఈ దెయ్యం మాత్రం మన గట్టు మీద, మన బురదలో, మన ఇంటి ఆడపడుచులా నడిచింది. మీ వాచీ మచ్చ కూడా అంతే కదండీ. మీ అబ్బాయిని నవ్వనివ్వండి, కానీ ఒక్కసారి పక్కన కూర్చోబెట్టుకోండి. ఇవి ఒక్కరే చూసే సినిమాలు కావు. అరవడానికి పక్కన మనిషి ఉండాలి.

ప్రశ్న: విఠలాచార్య సినిమాలూ ఈ కోవలోకే వస్తాయా?
– ఒక పాఠకుడు, తణుకు

జవాబు: రావు. 'జగన్మోహిని' (1978)లో దెయ్యం కట్టెలకి బదులు కాళ్లు పొయ్యిలో పెట్టి వంట చేస్తుంది. దానికి జనం నవ్వలేదు, నోరు తెరిచారు. డబ్బు తక్కువైనా ఆయనకి చేతకానిదంటూ లేదు. హిందీలో రామ్సే సోదరులు ఏడుగురు కెమెరా, శబ్దం, దర్శకత్వం ఇంట్లోనే పంచుకుని 1972లో 'దో గజ్ జమీన్ కే నీచే' తీశారు. వాళ్లనైతే మధ్యలో ఎక్కడో కూర్చోబెడతాను.

ప్రశ్న: మా కొబ్బరితోటలో ఫోనుతో ఒక దెయ్యం సినిమా తీద్దామనుకుంటున్నాం. కావాలనే చెత్తగా తీస్తాం, వైరల్ అవుతుంది. సలహాలివ్వండి.
– ఒక విద్యార్థి, అమలాపురం

జవాబు: 'కావాలనే' అన్నావు చూడు బాబూ, అక్కడే చెడింది. అమెరికాలో ఎడ్ వుడ్ అనే ఆయన 'ప్లాన్ 9 ఫ్రమ్ ఔటర్ స్పేస్' తీశాడు. అందులో కనిపించే నటుడు బేలా లుగోసీ, ఆ సినిమా తియ్యకముందే, 1956లోనే పోయాడు. ఆయన మీద ముందే తీసి ఉంచిన ముక్కలు కొంచెమే. మిగతా దానికి తన భార్యకి నడుంనొప్పి వైద్యం చేసే ఆయన్ని పెట్టి, నల్ల దుప్పటిలాంటిది మొహానికి అడ్డం పట్టుకోమన్నాడు. పొడవు కలవదు, పోలిక కలవదు. ఎవరూ కనిపెట్టరని నిజంగానే నమ్మాడు! నువ్వలా నమ్మగలవా?

అందుకని ఒళ్లు దాచుకోకుండా మంచి సినిమాయే తియ్యి. కుదరకపోతే నాకు చూపించు. ఒక్కటి మాత్రం విను: దెయ్యం వేసే అమ్మాయి కోసం బురద లేని గట్టు వెతక్కు.