పాత చెయిన్‌సా తాడు మధ్యలో పట్టేస్తుంటే స్ప్రింగ్ కొనకముందు ఇవి చూడండి

మీ పాత చెయిన్‌సా తాడు సగం దాకా వచ్చి పట్టేస్తోంది, వదిలితే పూర్తిగా వెనక్కి చుట్టుకోవట్లేదు, స్ప్రింగ్ మార్చాలా అని అడిగారు. అప్పుడే స్ప్రింగ్ కొనకండి. నా పాత రంపమూ ఇలాగే సతాయించేది, తెలిసినవాళ్లవి కూడా కొన్ని విప్పి చూశాను, స్ప్రింగ్ విరిగినవి వాటిలో తక్కువే. పట్టేస్తున్నది స్టార్టరా (తాడు, అది చుట్టుకునే పుల్లీ, దాన్ని వెనక్కి తిప్పే స్ప్రింగ్ ఉండే భాగం), దాని వెనకున్న ఇంజనా అన్నది ముందు తేల్చుకోవాలి, అది తేలకుండా ఏది విప్పినా శ్రమ దండగ.

స్విచ్ ఆఫ్‌లో పెట్టి, స్పార్క్ ప్లగ్ తీసేసి తాడు మెల్లగా లాగండి. ఇప్పుడు హాయిగా వచ్చేస్తే స్టార్టర్ తప్పేం లేదు. రంపాన్ని చాలాకాలం వాడకుండా ఉంచితే ఒక్కోసారి కార్బ్యురేటర్‌లో పెట్రోల్‌ని ఆపే సూది సరిగా మూసుకోక పెట్రోల్ కారి సిలిండర్లోకి చేరుతుంది, ద్రవాన్ని నొక్కలేం కాబట్టి పిస్టన్ పైకి రాలేక ఆగిపోతుంది. ప్లగ్ రంధ్రం కిందికి ఉండేలా తిప్పి కొన్నిసార్లు లాగితే బయటికి వచ్చేస్తుంది. దగ్గర్లో నిప్పు ఉండకూడదు, ప్లగ్ వైరు కూడా రంధ్రానికి దూరంగా ఉంచండి. ఇక ప్లగ్ ఉన్నప్పుడు చుట్టుకొకసారి బరువెక్కి మళ్లీ తేలికవుతుంటే అది మామూలు కంప్రెషన్ (పిస్టన్ గాలిని నొక్కడం), టూ స్ట్రోక్ ఇంజన్ అంతే.

చాలామంది చూడనిది చెయిన్ బ్రేక్. బ్రేక్ వేసి ఒకసారి, తీసి ఒకసారి లాగండి. తాడు లాగే వేగానికి క్లచ్ (ఇంజన్‌ని చెయిన్‌కి కలిపే భాగం) చెయిన్ తిప్పే డ్రమ్మును పట్టుకోదు కాబట్టి తేడా తెలియకూడదు. బ్రేక్ వేసినప్పుడు మాత్రమే బిగుసుకుంటే క్లచ్ స్ప్రింగ్ విరిగి ఉండాలి, లేదా డ్రమ్ము బేరింగ్ పట్టేసి ఉండాలి.

ప్లగ్ తీసినా అలాగే ఉంటే స్టార్టర్ కవర్ విప్పి, దాన్ని చేతిలో పట్టుకుని లాగండి. చేతిలో నున్నగా వస్తోందా? అయితే ఫ్లైవీల్ (ఇంజన్ ఇరుసు మీద తిరిగే అయస్కాంతమున్న చక్రం) వైపు చూడండి. నేను విప్పినవాటిలో ఒకదానికి అందరూ స్ప్రింగే అన్నారు, తీరా చూస్తే ఇగ్నిషన్ కాయిల్ (ప్లగ్‌కి కరెంటు ఇచ్చే భాగం) స్క్రూ వదులై, కాయిల్ వెళ్లి ఫ్లైవీల్ అయస్కాంతానికి అంటుకుంటోంది. అయస్కాంతం మీద గోరుతో గీసినట్టు మెరిసే గీతలు, కాయిల్ కాళ్ల మీద అదే వెడల్పున అరుగు. చాలా రంపాల్లో ఈ రెంటి మధ్య సందు సుమారు 0.3 మి.మీ. ఉండాలి, విజిటింగ్ కార్డు ఒకటి మధ్యలో పెట్టి స్క్రూ బిగించి కార్డు లాగేస్తే సరిపోతుంది. తాడు పట్టేయడం కాకుండా చేతిని వెనక్కి గుంజేస్తుంటే ఫ్లైవీల్ కీ (ఫ్లైవీల్‌ని ఇరుసు మీద సరైన చోట నిలిపే చిన్న ముక్క) తెగిందేమో చూడండి, అది తెగితే టైమింగ్, అంటే ప్లగ్ నిప్పురవ్వ వేసే సమయం, జరిగిపోతుంది. ఇవేవీ లేకుండా ఫ్లైవీల్ చేత్తో కూడా తిరగకపోతే సైలెన్సర్ తీసి పిస్టన్ మీద గీతలు పడ్డాయేమో చూడాల్సిందే, అది వేరే కథ.

చేతిలో కూడా పట్టేస్తుంటే అప్పుడు తప్పు స్టార్టర్‌దే. ఎక్కడ పట్టేస్తోందో గమనించండి. తాడు చివరికి వచ్చేసరికి గోడకు కొట్టుకున్నట్టు ఆగితే స్ప్రింగ్‌కి టెన్షన్ ఎక్కువ పెట్టారు. తాడు మొత్తం బయటికి లాగి పట్టుకున్నాక కూడా పుల్లీ చేత్తో ఇంకో అర చుట్టు తిరగాలి, తిరగకపోతే ఒక చుట్టు తగ్గించండి, లేకపోతే ఇవాళ కాకపోతే రేపు ఆ స్ప్రింగ్ విరుగుతుంది. మధ్యలో ఎక్కడపడితే అక్కడ పట్టేస్తుంటే తాడుని అనుమానించాలి. పాత రంపాలకు ఎవరో ఒకరు దొరికిన తాడు వేసేసి ఉంటారు, అది లావైతే చుట్ట మీద చుట్ట పడి పుల్లీ పక్కకు జారి కవర్‌కీ పుల్లీకీ మధ్య ఇరుక్కుంటుంది. మధ్యరకం రంపాలకు ఎక్కువగా 3.5 మి.మీ. తాడు సరిపోతుంది, మీ మోడల్ మాన్యువల్‌లో ఏముంటే అదే వేయండి.

మీది వెనక్కి కూడా సరిగా పోవట్లేదు కాబట్టి నా అనుమానం పుల్లీ బుష్ (పుల్లీ మధ్యలో ఇరుసు మీద తిరిగే చోటు) మీద. రంపప్పొట్టు, చెయిన్ ఆయిల్ కలిసి ఏళ్ల తరబడి ఎండి నల్లటి తారులా గట్టిపడతాయి. నా రంపంలో జరిగింది సరిగ్గా ఇదే, స్ప్రింగ్ బ్రహ్మాండంగా ఉంది. విప్పేముందు కళ్లద్దాలు, గ్లోవ్స్ వేసుకోండి, ఇందులో మొహమాటం వద్దు, ఆ స్ప్రింగ్ ఎగిరితే కన్ను పోతుంది. తాడు ఒక జానెడు లాగి, పుల్లీని బొటనవేలితో నొక్కి పట్టి, వదులైన తాడుని పుల్లీ మీంచి తీసేసి, పుల్లీని మెల్లగా వెనక్కి తిరగనివ్వండి. టెన్షన్ పూర్తిగా దిగాకే మధ్యలోని స్క్రూ లేదా క్లిప్పు తీయండి. స్ప్రింగ్‌ని దాని గూడులోంచి కదపకుండా పుల్లీ, ఇరుసు శుభ్రంగా తుడిచి, పలచటి ఆయిల్ ఒకటి రెండు చుక్కలు వేయండి. గ్రీజు పూయకండి, మళ్లీ పొట్టు అంటుకుంటుంది. ఫ్లైవీల్‌ని పట్టుకునే చిన్న కొక్కేలు అరిగాయేమో, వాటి స్ప్రింగులు వంగాయేమో అప్పుడే చూసేయండి.

కవర్ తిరిగి పెట్టేటప్పుడు స్క్రూలు బిగించకముందే తాడు కొంచెం మెల్లగా లాగండి, కొక్కేలు ఫ్లైవీల్‌ని అందుకుని కవర్ సరిగ్గా కూర్చుంటుంది, ఆ తర్వాత బిగించండి. అప్పటికీ పట్టేస్తే మీ మోడల్ ఏదో, తాడు మొదట్లో ఆగుతోందా చివర్లోనా అన్నది రాయండి, చూద్దాం.